మాస్టారి కబుర్లు: రైలెక్కిన ఎలుకలు



ఈ నెల మిమ్మల్నందరినీ ఒక వింత ఆటకు తీసుకుపోతాను. టిక్కెట్టు అక్కరలేదు. కళ్ళు మూసుకుంటే చాలు, మాస్కో నగరం చేరుకుంటాం. ఆ నగరంలో దూరోవ్ వీధి అని ఒక వీధి ఉన్నది. ఆ వీధిలో జంతువుల నాటకశాల ఉన్నది. అక్కడివాళ్ళు దాన్ని ముద్దుగా "దూరోవ్ తాతగారి మూల" అంటారు.

అదుగో, ఒక బుల్లి రైల్వే స్టేషను! పట్టాలున్నాయి, ఇంజను ఉన్నది, పెట్టెలున్నాయి. ప్రయాణీకులు బిలబిలమంటూ వచ్చి పెట్టెల్లోకి ఎక్కేస్తున్నారు. ఒకరినొకరు తోసుకోవటం కూడా మన స్టేషనుల్లో మాదిరిగానే ఉన్నది. ఆ ప్రయాణీకులు ఎవరనుకున్నారు? ఎలుకలు! నిజమైన, ప్రాణమున్న చిట్టెలుకలు! రైలు కదలగానే చూసే పిల్లలందరూ చప్పట్లే చప్పట్లు.

రష్యా పిల్లలకు ఎలుక అంటే చాలా గౌరవం. దానికి కారణం వాళ్ళ జానపద కథలు. తాత ఒక ముల్లంగిజాతి దుంప నాటితే అది కొండంత పెరుగుతుంది. తాత లాగుతాడు, అవ్వ లాగుతుంది, మనమరాలూ కుక్కా పిల్లీ లాగుతాయి. ఊహుఁ, రాదు. చివరకు ఒక ఎలుక వచ్చి పిల్లి తోక పట్టుకు లాగితే, దుంప పైకి వస్తుంది! మరొక కథలో అడవిలో ఒక చిన్న ఇల్లు కనబడితే అందులో మొదట కాపురం పెట్టేది ఎలుకే. తరవాత కప్ప, కుందేలు, నక్క, తోడేలు ఒక్కొక్కటే వచ్చి చేరుతాయి. ఆఖరున ఎలుగుబంటి వచ్చి, పాపం, తన బరువుతో ఇల్లు కాస్తా కూలదోస్తుంది.

ఆ ఎలుగుకు రష్యావాళ్ళు మనిషికి పెట్టినట్టే మిహాయిల్ అని పేరు పెట్టి పిలుస్తారు. ఎలుకకంటే చాలా ముందే అది ఆటగాళ్ళ చేతిలో పడింది. పూర్వం రష్యాలో స్కొమరోహులు అనే సంచార నటులుండేవారు. మన పగటివేషగాళ్ళవంటి వాళ్ళన్నమాట. వాళ్ళలో కొందరు ఎలుగును గొలుసుతో తిప్పుతూ సంతలలో ఆడించేవారు. ఒక కుర్రవాడు కొమ్ములున్న మేకవేషం వేసుకుని దాని చుట్టూ గంతులు వేసేవాడు. "మిహాయిల్ గారూ, చిన్నపిల్లలు బఠాణీలు ఎలా దొంగిలిస్తారో చూపించండి!" అనగానే ఎలుగు పొట్టమీద పాకుతూ పోయేది. "పడుచుపిల్లలు అద్దంలో ఎలా చూసుకుంటారు?" అంటే ముఖం ముందు పంజా పెట్టుకునేది. జనం పొట్టలు చెక్కలయ్యేట్టు నవ్వేవారు.

1648 లో జార్ అలెక్సేయ్ ఈ నటుల ఆటపాటలను నిషేధించాడు. ఆ ఆజ్ఞ మతాచారం కోసం వచ్చిందే గాని ఎలుగుమీద జాలితో వచ్చింది కాదు. ఆట ఆగలేదు. 1866 లో ప్రభుత్వం మళ్ళీ నిషేధించి ఐదేళ్ళ గడువు పెట్టింది. అప్పటినుంచి ఎలుగులను ఊరూరా తిప్పి ఆడించటం క్రమంగా తగ్గిపోయింది.

మరి అడవిలో పుట్టిన ఎలుగుకు నాట్యం ఎలా నేర్పేవారు? చెప్పటానికే మనసు రావటం లేదు గాని, తెలుసుకోవలసిన సంగతి గనక చెబుతాను. ఇప్పటి బేలరూస్ దేశంలో స్మర్గోన్ అనే పట్టణమున్నది. అక్కడ ఒకప్పుడు ఎలుగులకు బడి ఉండేదనీ, దాన్ని జనం వేళాకోళంగా "స్మర్గోన్ విద్యాపీఠం" అనేవారనీ ప్రసిద్ధి. ఎలుగును లోహపు నేలగల బోనులో నిలబెట్టి, కింద మంట పెట్టి, అదే సమయంలో డోలు వాయించేవారట. కాళ్ళు కాలి ఎలుగు ఒక కాలు తరవాత ఒక కాలు ఎత్తేది. కొన్ని రోజులు ఇలా జరిగాక మంట అక్కరలేదు. డోలు మోగితే చాలు, చల్లని నేలమీద కూడా ఎలుగు కాళ్ళెత్తేది. చూసేవాళ్ళు "ఆహా, ఏమి నాట్యం!" అనుకునేవారు. అది నాట్యం కాదర్రా, జ్ఞాపకం.

ఇక దూరోవ్ సంగతి వినండి. వ్లదీమిర్ దూరోవ్ 1863 లో మాస్కోలో పుట్టాడు. ఆయనా, ఆయన తమ్ముడు అనతోలీ ఇద్దరూ సర్కసులో పేరుమోసిన విదూషకులు. ఆ కాలంలో కొరడా, ఇనపకడ్డీ లేని సర్కసు అరుదు. వ్లదీమిర్ మాత్రం ఇంకొక దారి పట్టాడు. జంతువుకు నొప్పి చూపించి కాదు, రుచి చూపించి నేర్పాలన్నాడు. అది తనకు తానుగా చేసే పనులను ఓపికగా గమనించేవాడు. తనకు కావలసిన పని చేసిన క్షణాన ఇష్టమైన ముక్క నోటికందించేవాడు.

ఒక ఉదాహరణ చెబుతాను. ఆయన దగ్గర ఒక పంది ఉండేది. దాన్ని బెలూనులో పైకి పంపి పారాషూటుతో దూకించాలని ఆయన సరదా. ముందు మెత్తని పట్టీలు కట్టి, కప్పీమీద తాడుతో కొంచెం పైకి లేపి, గాలిలో వేలాడుతుండగానే తిండి పెట్టాడు. పంది భయం మరచి తినసాగింది. తరవాత ఒక బల్లమీద నిలబెట్టి, అలారం గడియారం మోగినప్పుడల్లా బల్ల బయట తిండి చూపించాడు. పంది తిండికోసం ముందుకు ఉరికేది. పట్టీలు పట్టుకుని ఉండటంచేత దెబ్బ తగిలేది కాదు. కొన్నాళ్ళకు గంట మోగితే చాలు, దూకటమే! ఆ విధంగా పందిగారు పారాషూటు వీరులయ్యారు.

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. డోలు విని ఎలుగు కాలెత్తింది. గంట విని పంది దూకింది. రెండింటిలో పనిచేసిన సూత్రం ఒక్కటే! ఒక చప్పుడూ, ఒక అనుభవమూ పదే పదే కలిసి వస్తే, మెదడు ఆ రెంటికీ ముడి వేస్తుంది. ఆ కాలంలోనే రష్యాలో పావ్లోవ్ అనే గొప్ప శాస్త్రవేత్త కుక్కలమీద ఈ సంగతి పరిశోధించాడు. తిండికి ముందు ఒక శబ్దం వినిపిస్తూ వస్తే, కొన్నాళ్ళకు ఆ శబ్దానికే కుక్క నోట నీళ్ళూరేవి. జీర్ణక్రియపై చేసిన కృషికి ఆయనకు 1904 లో నోబెల్ బహుమతి వచ్చింది. దూరోవ్ 1912 లో మాస్కోలో తన ఇంటినే జంతువుల నాటకశాలగా తెరిచాడు. బేహ్తెరెవ్ అనే మరొక పేరుగల శాస్త్రవేత్త దూరోవ్ కుక్కలతో ప్రయోగాలు చేశాడు. 1934 లో దూరోవ్ చనిపోయాక ఆయన కుటుంబంవారు ఆ నాటకశాలను నడిపారు.

సూత్రం నిప్పువంటిది. దానితో అన్నం వండవచ్చు, కాళ్ళూ కాల్చవచ్చు.

"మాస్టారూ, తిండి పెట్టి నేర్పితే మాత్రం జంతువును ఆడించవచ్చునా?" అని మీలో ఎవరైనా అడిగితే సంతోషిస్తాను. నేడు లోకంలో చాలామంది అడుగుతున్న ప్రశ్న అదే. మన దేశంలో ఎలుగులనూ, కోతులనూ, పులులనూ, చిరుతలనూ, సింహాలనూ ఆడించరాదని 1998 లో ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. 2001 లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. బోనులో బతకటమే వాటికి శిక్ష అన్నారు. పంజరంలో పుట్టి తిండికోసం రైలెక్కే ఎలుక సంగతీ, అడవినుంచి తల్లిని చంపి తెచ్చిన ఎలుగు సంగతీ ఒక్కటేనా, కాదా? మీ ఇంట్లో పెద్దలతో వాదించి చూడండి.

ఇప్పుడు నా సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. నేను కొత్తగా పంతులుద్యోగంలో చేరిన రోజుల్లో నా చేతిలో బెత్తం ఉండేది. ఒక పిల్లవాడికి ఏడో ఎక్కం రాలేదని వరసగా కొన్ని రోజులు కొట్టాను. ఒకనాడు నేను నల్లబల్లమీద ఏదో రాయటానికి చెయ్యెత్తాను. ముందు వరసలో కూచున్న ఆ పిల్లవాడు చటుక్కున మోచెయ్యి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. నా చేతిలో ఉన్నది సుద్దముక్క, బెత్తం కాదు. వాడికి ఎక్కం రాలేదు గాని, నా చెయ్యి లేస్తే జడుసుకోవటం మాత్రం బాగా వచ్చింది. నేర్పినవాణ్ణి నేనే.

ఆ సాయంత్రమే బెత్తం విరిచి పొయ్యిలో పెట్టాను. మర్నాడు వాణ్ణి పక్కన కూచోబెట్టుకుని, చింతగింజలు ఏడేసి కుప్పలుగా పోసి లెక్కపెట్టించాను. సరిగా చెప్పినప్పుడల్లా "శభాష్‌రా!" అన్నాను. పది రోజుల్లో ఏడో ఎక్కం గడగడా అప్పజెప్పాడు. కాని నేను చెయ్యెత్తినప్పుడు వాడి మోచెయ్యి లేవకుండా ఉండటానికి దాదాపు ఏడాది పట్టింది.

ఈ నెల మీకొక పని. మీ ఇంట్లో కోళ్ళుగాని, తొట్టిలో చేపలుగాని ఉంటే, మేత వేసే ముందు ప్రతిసారీ మూడుసార్లు మెల్లగా తట్టండి. రెండు వారాలయ్యాక తట్టి ఊరుకుని, అవేం చేస్తాయో చూడండి. చూశాక మాత్రం తప్పకుండా మేత వెయ్యండి. మాట తప్పకూడదు సుమా!