మెరిసే బూజు దారి చూపింది!

1776 సెప్టెంబరు. అర్ధరాత్రి దాటింది. న్యూయార్క్ రేవులో లంగరేసిన బ్రిటిష్ యుద్ధనౌక ఈగిల్ వైపు ఓ ఓక్ చెక్క పీపా నెమ్మదిగా కదులుతోంది. అందులో ఉన్నది ఒకే ఒక్కడు... అమెరికా సైనికుడు ఎజ్రా లీ. ఆ పీపానే ‘టర్టిల్’. డేవిడ్ బుష్నెల్ తయారుచేసిన ఈ పడవే యుద్ధంలో దిగిన తొలి జలాంతర్గామిగా పేరుపొందింది.

నీటి అడుగున కళ్లు పొడుచుకున్నా ఏమీ కనిపించదు. దారి చెప్పడానికి దిక్సూచి ఉంది సరే, దాన్ని చూసేదెలా? కొవ్వొత్తి వెలిగిస్తే, అరగంటకు సరిపోయే గాలిని కాస్తా అదే తినేస్తుంది. అందుకే కుళ్లిన కర్రల మీద పెరిగి చీకట్లో మెరిసే ఒకరకం బూజును సూదికి గుర్తుగా వాడారు. పాపం, అంత చేసినా తిరుగు ప్రయాణంలో దిక్సూచి పనికిరాకుండా పోయింది. నౌకకు బాంబు తగిలించలేక వెనుదిరిగిన లీ, కొద్ది నిమిషాలకోసారి పైకి తేలి, శత్రువుల కంటపడతానన్న భయంతోనే దారి చూసుకోవాల్సి వచ్చింది.

ఆ తర్వాత ఇనుప జలాంతర్గాములొచ్చాయి. వాటితోపాటే కొత్త తలనొప్పీ వచ్చింది. చుట్టూ ఇనుమే ఉంటే సూది ఉత్తరాన్ని వదిలి అటే మొగ్గుతుంది. దానికితోడు కరెంటు మోటార్లు తిరిగితే వాటి అయస్కాంత ప్రభావం ఒకటి! అందుకే 20వ శతాబ్దం మొదట్లో బ్రిటిష్ జలాంతర్గాముల్లో దిక్సూచిని ఇనుప గోడకు బయట పెట్టేవారు. కటకాలు బిగించిన గొట్టం గుండా దాని ప్రతిబింబం లోపల చుక్కాని పట్టుకున్న మనిషికి కనిపించేది.

అసలు పరిష్కారం మాత్రం నావికుడి నుంచి రాలేదు. జర్మనీకి చెందిన హెర్మన్ అన్‌షూట్జ్ కెంప్ఫే చదివింది కళల చరిత్ర. జలాంతర్గామిలో మంచు కింద నుంచి ఉత్తర ధ్రువానికి వెళ్లాలన్నది ఆయన కల. అక్కడ అయస్కాంత సూదిని నమ్ముకుంటే అంతే సంగతులు. దాంతో గిర్రున తిరిగే చక్రం మీద దృష్టిపెట్టాడు. భూభ్రమణం ఆధారంగా అసలైన ఉత్తరాన్ని చూపే ఈ గైరో దిక్సూచికి ఇనుముతో పేచీ లేదు. 1908లో జర్మన్ యుద్ధనౌక డాయిష్‌లాండ్ మీద దాన్ని పరీక్షించారు.

అన్‌షూట్జ్ మాత్రం ధ్రువాన్ని చేరకుండానే 1931లో కన్నుమూశాడు. 1958 ఆగస్టు 3న అమెరికా అణు జలాంతర్గామి నాటిలస్ మంచు కింద నుంచి ఉత్తర ధ్రువాన్ని దాటింది. దానికి దారి చూపిన పరికరాల్లో తిరిగింది... గిర్రున తిరిగే ఆ చక్రాలే!