సీసాకు సీలు వేయకముందు

పరిశోధక విద్యార్థిగా ఉన్న రోజుల్లో ఒక అపరిచిత పదార్థం వెంట మూడు వారాలపాటు పరుగెత్తాను. ఏ నమూనాను పరీక్షించినా ద్రవ్యరాశి వర్ణపటంలో 149 దగ్గర ఒక శిఖరం లేచి నిలబడేది. కొత్త సమ్మేళనమేదో చిక్కిందని లోలోపల మురిసిపోయాను కూడా. తీరా చూస్తే అది ప్లాస్టిక్ గొట్టంలోంచి ద్రావణిలోకి దిగిన థాలేటు! సీసా మూత బిగుతుగానే ఉంది. పైన అంటించిన చీటీ, తేదీ అన్నీ సక్రమంగానే ఉన్నాయి. కల్తీ మాత్రం మూత పెట్టకముందే లోపలికి చేరింది.

2021 ఫిబ్రవరిలో ఆ సీసా నాకు మళ్ళీ గుర్తుకు వచ్చింది. భీమా కోరేగావ్ కేసులో నిందితుడైన రోనా విల్సన్ కంప్యూటరు గురించి అమెరికాలోని ఆర్సెనల్ కన్సల్టింగ్ అనే సంస్థ తయారుచేసిన నివేదిక ఆ నెలలోనే వెలుగుచూసింది. ఖైదీల హక్కుల కోసం పనిచేసిన విల్సన్ ఢిల్లీ నివాసంలో ఆ కంప్యూటరును 2018 ఏప్రిల్‌లో పోలీసులు స్వాధీనం చేసుకున్నారు. జూన్‌లో ఆయనను అరెస్టు చేశారు. అందులో దొరికాయన్న లేఖలు కేసులో కీలకమైన ఆధారాలయ్యాయి.

ప్రతివాదుల కోరికపై పరీక్ష జరిపిన ఆర్సెనల్ చెప్పిన కథ ఇది. 2016 జూన్ 13న విల్సన్‌కు కొన్ని ఇమెయిళ్ళు వచ్చాయి. వచ్చింది మన వరంగల్లు కవి వరవరరావు గారి ఖాతా నుంచి. వ్రాసింది మాత్రం ఆ ఖాతాను వాడుకుంటున్న మరెవరో. జతచేసిన ఫైలును తెరవమని పదేపదే అడిగారు. తెలిసిన పెద్దమనిషి పేరు కదా, విల్సన్ తెరిచారు. తెరమీద ఒక పత్రం కనిపించింది. దాని చాటున నెట్‌వైర్ అనే దొంగ ప్రోగ్రాము లోపలికి దిగింది. ఆ తరువాత 22 నెలలపాటు ఆ కంప్యూటరు పరాయివారి అదుపులో ఉంది. కంటికి కనబడని ఒక ఫోల్డరును సృష్టించి, కనీసం పది లేఖలను అందులో పెట్టారు. ఆ లేఖలను ఆ కంప్యూటరుపై ఎవరూ ఎన్నడూ తెరిచిన దాఖలా లేదు.

రసాయనజ్ఞుడిగా నన్ను కట్టిపడేసింది మరొక చిన్న సంగతి. కొన్ని లేఖలు మైక్రోసాఫ్ట్ వర్డ్ 2010లోనో, 2013లోనో తయారైనవి. విల్సన్ కంప్యూటరులో ఉన్నది వర్డ్ 2007! నా 149 శిఖరంలాగే, ఈ పదార్థం ఈ పాత్రలో పుట్టినది కాదని పదార్థమే చెబుతోంది.

దర్యాప్తు సంస్థ ఈ నివేదికను అంగీకరించలేదు. న్యాయస్థానం తేల్చవలసిన దానిని నేను తేల్చబోను. కాని 2025 జనవరిలో బొంబాయి హైకోర్టు బెయిలు మంజూరు చేసేనాటికి విల్సన్ ఆరున్నర సంవత్సరాలు జైలులో గడిపారు. సహనిందితుడు స్టాన్ స్వామి 84 ఏళ్ళ వయసులో, 2021 జూలై 5న, నిర్బంధంలో ఉండగానే కన్నుమూశారు. శాస్త్రీయమైన ప్రశ్నకు సమాధానం ఆలస్యమైతే దాని మూల్యం ఇటువంటిది.

దీనికి విరుగుడు లేదా అంటే, సగం ఉంది. ప్రతి ఫైలుకూ హాష్ అనే గణితపు వేలిముద్ర తీయవచ్చు. షా-256 అనే పద్ధతిలో అది 64 అక్షరాల వరుస. ఫైలులో ఒక్క కామా మారినా ఆ వరుస గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం ఎలక్ట్రానిక్ సాక్ష్యం వెంట ఇచ్చే ధ్రువపత్రంలో ఈ విలువను పేర్కొనమంటోంది. మంచిదే. అయితే హాష్ చేసేది సీలు పని. సీలు పడ్డ తరువాత ఎవరూ ముట్టుకోలేదని అది రుజువు చేయగలదు. అంతకుముందు లోపలికి ఏమి చేరిందో దానికి తెలియదు. మనం నమ్ముకున్న గూఢలిపి సంగతీ అంతే. వాట్సాప్, సిగ్నల్ వంటివి ఉత్తరాన్ని దారిలో కాపాడతాయి. చదువుకునే బల్ల ప్రక్కనే ఒకడు నిలబడి ఉంటే గూఢలిపి ఏమి చేయగలదు?

కనుక అసలు జాగ్రత్త ఫైలు తెరిచే క్షణంలో ఉండాలి. ఐక్య అరబ్ ఎమిరేట్లలో, మన తెలుగువారెందరో బ్రతుకుతెరువు వెతుక్కున్న ఆ దేశంలో, అహ్మద్ మన్సూర్ అనే హక్కుల కార్యకర్త ఉన్నారు. 2016 ఆగస్టులో జైళ్ళలో జరిగే చిత్రహింసల రహస్యాలు చెబుతామంటూ ఆయన ఫోనుకు ఒక సందేశం, దానితో ఒక లింకు వచ్చాయి. ఆయన దానిని నొక్కలేదు. టొరాంటో విశ్వవిద్యాలయంలోని సిటిజన్ ల్యాబ్‌కు పంపారు. పరిశీలిస్తే అది ఇజ్రాయెల్‌కు చెందిన ఎన్‌ఎస్‌ఓ సంస్థవారి పెగాసస్. ఐఫోనులో అంతవరకు ఎవరూ బయటపెట్టని మూడు లోపాలను వాడుకుని చొరబడే సాధనం. ఆగస్టు 25న ఆపిల్ సంస్థ ఆ లోపాలను సరిచేసింది. ఆ నెలలో ఐఫోను వాడిన ప్రతివారూ, మీరూ నేనూ కూడా, ఆయనకు ఋణపడ్డాము. ఆయనకు మాత్రం 2018లో పదేళ్ళ జైలుశిక్ష పడింది. ఆ తరువాతి కాలపు పెగాసస్‌కు నొక్కడం కూడా అవసరం లేకపోయింది. అందుకే ఆపిల్ 2022లో లాక్‌డౌన్ మోడ్ అనే అదనపు రక్షణను తెచ్చింది. కార్యకర్తలూ పాత్రికేయులూ దానిని వాడడం మంచిది.

మన సమావేశాలలో ఈ మాట వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు "మనకు దాచుకోవలసినదేముందండీ?" అంటారు. విల్సన్ విషయంలో జరిగినదానిని ఆర్సెనల్ చెప్పినట్లు చూస్తే ఆ ప్రశ్న సరిపోదు. అక్కడ తీసుకుపోయినదాని కన్నా పెట్టిపోయినది ప్రమాదకరం. దాచుకునేదేమీ లేనివాని కంప్యూటరులో కూడా పెట్టవచ్చు కదా! పైగా దారి ఎప్పుడూ ఆప్తుల మీదుగానే వస్తుంది. స్వదేశంలో న్యాయవాదో, ఉద్యమకారుడో అయిన బంధువు ఉన్నప్పుడు ఇక్కడి మన పాత ఖాతా, బలహీనమైన సంకేతపదం, వాయిదా వేసిన అప్‌డేటు అతని ఇంటికి దొడ్డిదారి కాగలవు. మన నిర్లక్ష్యానికి జైలుకు వెళ్ళేది మనం కాకపోవడమే నన్ను బాధిస్తుంది.

మా పెదనాన్నగారి అబ్బాయి హనుమకొండలో పౌరహక్కుల కేసులు వాదిస్తాడు. అతని నుంచి ఫైలు వస్తే తెరవకముందు ఫోను చేసి "అన్నయ్యా, నువ్వే పంపావా?" అని అడుగుతాను. మొదట్లో "నీకు చాదస్తం పట్టుకుందిరా" అని నవ్వేవాడు. ఈ మధ్య ఫైలు పంపబోయే ముందు తనే ఫోను చేస్తున్నాడు.