ఊళ్లో ఎక్కడమ్మా మీ ఇల్లు?

మొన్న ఒక హాస్టల్ మీటింగ్‌లో డిగ్రీ చదివే తమ్ముడు లేచి అడిగాడు: "అక్కా, ప్రతిదాంట్లో కులమే వెతుక్కుంటూ కూర్చుంటే మనుషుల మంచితనం ఎప్పుడు చూస్తాం?" హాల్లో సగం మంది తలలూపారు. వాళ్ల ఫోన్లలోకి వచ్చే వీడియోలు నాకూ వస్తాయి. రైల్లో ఏడుస్తున్న పసిబిడ్డను ఎవరో ఎత్తుకుని ఆడిస్తారు. బస్టాండులో ఇద్దరు పిల్లలతో సతమతమయ్యే తల్లికి ఎవరో అన్నం పొట్లం కొనిస్తారు. వెనక ఫ్లూటు మోగుతుంది. కింద "మానవత్వం ఇంకా బతికే ఉంది" అని ఉంటుంది. చూస్తే నాకూ ఒక్కోసారి కళ్లు తడుస్తాయి. అక్కడ టైం చాలలేదు కాబట్టి ఈ భాగం మొత్తం ఆ తమ్ముడికే.

ఆ వీడియోల్లో ఎప్పుడూ వినపడని ప్రశ్న ఒకటుంది. "ఇంతకీ మీరెవరు?"

1901. సతారా జిల్లా, మసూరు రైల్వే స్టేషన్. సాయంత్రం అయిదింటికి నలుగురు పిల్లలు బండి దిగారు. తొమ్మిదేళ్ల భీమ్‌రావు, వాళ్లన్న, పెద్దక్క కొడుకులిద్దరు. గోరేగావ్‌లో కరువు పనుల కింద చెరువు తవ్విస్తున్న చోట తండ్రి క్యాషియరు. ఆయన దగ్గరికి సెలవులకి ప్రయాణం. కొత్త చొక్కాలు, తళుకు టోపీలు, పట్టంచు పంచెలు. తీసుకెళ్లడానికి ఎవరూ రాలేదు. వీళ్లు రాసిన ఉత్తరం తండ్రికి ఇవ్వడం నౌకరు మర్చిపోయాడు. దిక్కులు చూస్తున్న పిల్లల్ని చూసి స్టేషన్ మాస్టర్ జాలిపడ్డాడు. దగ్గరికొచ్చి కబురు కనుక్కున్నాడు.

అక్కడిదాకా తీసి ఆపితే చక్కటి వీడియో. ఫ్లూటు కూడా పెట్టుకోవచ్చు.

తర్వాత ఆయన అడగాల్సింది అడిగాడు. మహార్లమని పిల్లవాడు టక్కున చెప్పేశాడు. ఆయన ముఖం మారిపోయింది, గదిలోకి వెళ్లిపోయాడు. మన ఉపన్యాసాల్లో చాలామంది కథ ఇక్కడే ఆపేస్తారు. ఆపకండి, అసలు సంగతి దీని తర్వాతే ఉంది. అరగంటకి ఆయన మళ్లీ వచ్చాడు. మహార్ పిల్లల్ని ఎక్కించుకోడానికి ఏ బండివాడూ ఒప్పుకోకపోతే ఒక బేరం కుదిర్చాడు: రెట్టింపు కిరాయి, బండి పిల్లలే తోలుకోవాలి, బండివాడు పక్కన నడిచొస్తాడు. గమనించండి, ఆయనలో జాలి చచ్చిపోలేదు. కులానికి ఏ నష్టమూ రాకుండా జాలి చూపించే దారి కనిపెట్టింది.

రాత్రయింది. బండివాడికీ జాలేసింది. టోల్ వసూలుచేసే హిందువు దగ్గర నీళ్లు కావాలంటే ముస్లింలమని చెప్పండి అన్నాడు. చెప్పారు, చక్కటి ఉర్దూలో. అయినా నీళ్లు లేవు పొమ్మన్నాడు. బుట్టనిండా అన్నం పెట్టుకుని, తాగడానికి నీళ్లు లేక, ఆ పిల్లలు ఆకలితో పడుకున్నారు. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో బాబాసాహెబే రాసుకున్నారు. చదవని వాళ్లుంటే ఈ రాత్రే చదవండి, చిన్న పుస్తకం.

నూట ఇరవై ఏళ్ల నాటి మాట అంటారా? నా సంగతి చెప్తాను. ఎండాకాలం, పల్లెవెలుగు బస్సు. నాలుగేళ్ల పెద్దది దాహం దాహమని ఒకటే గోల. చంటోడు నా ఒళ్లో రెండుసార్లు కక్కాడు, తెచ్చుకున్న నీళ్లు వాడి మూతి కడగడానికే అయిపోయాయి. పక్కసీటు పెద్దావిడ నేను అడక్కుండానే పెద్దదాన్ని ఒళ్లోకి లాక్కుని తన సీసాలో నీళ్లు తాగించింది. చంటోడి మొహం తన కొంగుతో తుడిచింది. వాసన చూపించమని సంచిలోంచి నిమ్మకాయ తీసిచ్చింది. పిల్ల మూతి పెట్టి తాగిన సీసాని మళ్లీ తన సంచిలోనే పెట్టుకుంది. రెండు స్టాపులయ్యాక మా ఊరి పేరు అడిగింది. చెప్పాను.

"ఊళ్లో ఎక్కడమ్మా మీ ఇల్లు?"

ఈ ప్రశ్నకి అర్థం మనలో ఎవరికీ విప్పి చెప్పక్కర్లేదు. అంబేద్కర్ కాలనీ అన్నాను. "ఓహో" అంది, అంతే. పిల్లను ఒళ్లోంచి దించలేదు, అది నిజం. కాసేపటికి పిల్ల మళ్లీ నీళ్లడిగింది. ఆవిడ సీసా తీసి నా చేతిలో పెట్టి, "నువ్వే ఉంచుకోమ్మా, నాకొద్దులే" అంది.

పిల్లలకి దారిపొడుగునా కావాలని ఇచ్చేసిందా? ఇక తనకి పనికిరాదని ఇచ్చేసిందా? మంచి వైపే అనుకోమంటావు తమ్ముడూ. సరే, అనుకుంటాను, ఆవిడకి దండం పెడతాను. కానీ ఈ లెక్క నేనెందుకు వెయ్యాలి? ఊరి నడిమధ్య ఇల్లున్న తల్లి అయితే ఆ సీసా తీసుకుని, థాంక్స్ చెప్పి, మర్చిపోయేది. ఆమెకది వట్టి నీళ్లసీసా. నా ఒళ్లో ఒకడు కక్కుతున్నాడు, పక్కన ఒకతె ఏడుస్తోంది, నేను మాత్రం ఒక ముసలామె "ఓహో"ని అటూ ఇటూ తిప్పి చూసుకుంటున్నాను. కులం వెతుక్కుంటూ కూర్చున్నది నేను కాదు. అడ్రసు అడిగింది నేను కాదు.

ఆవిడ చెడ్డదని నేననడం లేదు. స్టేషన్ మాస్టరూ చెడ్డవాడు కాకపోవచ్చు. దయకి ఒక చిక్కుంది: ఇవ్వకపోతే ఎవరిమీదా కేసు వెయ్యలేం. అందుకే బాబాసాహెబ్ పెద్దయ్యాక మంచి స్టేషన్ మాస్టర్ల కోసం వెతుకుతూ తిరగలేదు. 1927 మార్చి 20న వేలమందిని వెంటబెట్టుకుని మహద్‌లో చవదార్ చెరువు నీళ్లు తాగారు. ఆ చెరువు అందరిదీ అని అక్కడి మునిసిపాలిటీ అప్పటికే తీర్మానం చేసింది, అమలే లేదు. తాగినందుకు మనవాళ్లని కొట్టారు, కుండలకొద్దీ పంచగవ్యం పోసి చెరువును శుద్ధి చేసుకున్నారు, కోర్టుకెక్కారు. బొంబాయి హైకోర్టులో మన పక్షాన తీర్పు రావడానికి 1937 దాకా పట్టింది. ఆ తర్వాతే రాజ్యాంగం, 15(2): బావులు, చెరువులు, హోటళ్లు, రోడ్లు. అందులో జాలి అనే మాట లేదు.

కారంచేడు గొడవ 1985లో మొదలైందీ మంచినీళ్ల చెరువు దగ్గరే. 2022 ఆగస్టులో రాజస్థాన్ జాలోర్ జిల్లాలో ఒక దళిత పిల్లవాడు చచ్చిపోయాడు. నీళ్లకుండ ముట్టుకున్నాడని టీచర్ కొట్టాడని ఇంటివాళ్లు చెప్పారు. వాడికీ తొమ్మిదేళ్లే.

నీళ్లిచ్చే చెయ్యి ఎవరిదైనా పిల్లలకి తాగించండి. నేనూ తాగించాను, ఆ సీసా ఇంటిదాకా తెచ్చుకున్నాను. కానీ ఇద్దరు పిల్లలతో బస్సెక్కిన తల్లి పక్కసీటు మనిషి మనసెలాంటిదో అని చూడాల్సిన ఖర్మ దేనికి? బస్టాండులో పనిచేసే కుళాయి ఉంటే, గొళ్లెం పడే మరుగుదొడ్డి ఉంటే, తాళం వెయ్యని పాలిచ్చే గది ఉంటే, వాటిలో ఏదీ ఊళ్లో ఎక్కడమ్మా అని అడగదు.

ఆ హాస్టల్ తమ్ముళ్లకి ఒక పని. ఈ ఆదివారం మీ మండల కేంద్రం బస్టాండుకి వెళ్లి కుళాయి తిప్పి చూడండి. నీళ్లు రాకపోతే డిపో మేనేజరుకి అర్జీ పెట్టండి, నకలు మీద రసీదు ముద్ర వేయించుకోండి. అర్జీ నమూనా నా దగ్గరుంది, అడిగితే పంపిస్తాను. వచ్చే భాగంలో మహద్ కేసు కోర్టుల్లో నడిచిన పదేళ్ల సంగతి.

జై భీమ్.