బూజు గింజయు, ఎలుకల సాక్ష్యమును

వానకు తడిసిన వేరుసెనగకాయలను సరిగా ఆరబెట్టక గోనెలో కట్టి మూలనుంచినచో, నెల దాటిన పిమ్మట పచ్చని బూజు కనబడును. మన యిండ్లలో దాని నేమి చేయుదురు? చెరిగి, ఏరి, మంచివి తమకుంచుకొని, చెడినవి కోళ్లకో గేదెకో వేయుదురు. కూలికి వచ్చినవారి చేటలో పోయుటయు కలదు. ఈ యలవాటు మానవలెనని మా యభిప్రాయము. ఇందుకు మొదటి సాక్షులు ఎలుకలు.

1960లో ఇంగ్లండున లక్షకు పైగా టర్కీకోళ్లు చచ్చెను. విచారింపగా, వాని మేతలోని వేరుసెనగ పిండిచెక్కయందు ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అను బూజు పుట్టించిన విషము బయటపడెను. దానికి అఫ్లాటాక్సిన్ అని పేరిడిరి. అట్టి పిండిచెక్కను నెలల తరబడి తినిన ఎలుకల కాలేయములలో క్యాన్సరు కంతులు లేచెను.

మన పెద్ద అంబర్‌పేట్‌నకు చేరువనున్న హైదరాబాదున జరిగిన పరీక్ష మరింత విచిత్రమైనది. 1918లో కూనూరున మొదలై, 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969 నుండి జాతీయ పోషకాహార సంస్థ యను పేర వెలయుచున్న పరిశోధనాలయమున, మాధవన్, గోపాలన్ గారలు ఎలుకలను రెండు జట్లు చేసి రెంటికిని ఈ విషము నిచ్చిరి. ఒక జట్టు మేతలో పాల మాంసకృత్తు నూటికి 20 పాళ్లు, రెండవదాని మేతలో 5 పాళ్లు. 1968లో ప్రకటితమైన ఫలితమిది: బాగుగ తిన్న జట్టులో కంతులు పుట్టెను, కొరతగా తిన్న జట్టున బ్రతికి మిగిలినవానికి పుట్టలేదు. దీనిని పట్టుకొని పాలవంటి మాంసకృత్తులనే దూషించినవారు లోకమున లేకపోలేదు. వారితో మేము ఏకీభవింపము. ఆ రెండవ జట్టున కాలేయము చెడి ముందుగనే చచ్చినవి పెక్కు. కంతి పుట్టుటకైనను బ్రతికియుండవలెను గదా!

ఎలుక వేఱు, మనుష్యుడు వేఱు అందురా? నిజమే, చిట్టెలుకలు సైతము ఈ విషమును చాలవరకు తట్టుకొనును. కాని 1974లో రాజస్థాన్, గుజరాత్ పల్లెలలో బూజు పట్టిన మొక్కజొన్న తిని కామెర్లు సోకిన 397 మందిలో 106 మంది మరణించిరి. దానిని పరిశోధించినవారును మన హైదరాబాదు సంస్థవారే. 1987లో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ అఫ్లాటాక్సిన్‌ను మనుష్యులకు క్యాన్సరు కలిగించు వస్తువులలో చేర్చెను.

మూగజీవులకు విషము పెట్టుట న్యాయమా యని మా విద్యార్థి యొకడు అడిగెను. తోసిపుచ్చదగిన ప్రశ్న కాదది. ఆ పరీక్ష లేకున్న మన పిల్లలే ఎలుకలై యుందురని చెప్పితిమి. అతడు తృప్తిపడినట్లు తోచలేదు. మాకును పూర్తిగా తృప్తి లేదు. అయినను, చచ్చిన ఎలుకల సాక్ష్యమును చదివియు అదే గింజను కూలివానికి కొలుచుట అంతకంటె పెద్ద యన్యాయము.

ఉడికించినంత మాత్రమున ఈ విషము పోదు. గేదెకు వేసినచో కొంత పాలలోనికి వచ్చును. కనుక చెడిన గింజను పాతిపెట్టుటయే మేలు. బీదరైతునకు ఇది చులకనగా చెప్పదగిన మాట కాదని యెఱుగుదుము. అందుచేతనే ఊరూర సిమెంటు కల్లములును, మార్కెటు యార్డులలో టార్పాలినులును ప్రభుత్వమువారు సమకూర్పవలెనని కోరుచున్నాము. తడిసిన పంట బూజు పట్టుటకు కొలది దినములే చాలును.