బీగిల్‌కి ముక్కే బాస్

మా లడ్డూ మీద అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మూడో కంప్లయింట్ వచ్చిన రోజు "ఎవరికైనా ఇచ్చేద్దాంరా" అంది అమ్మ. నేనూ దాదాపు ఒప్పేసుకున్నా. నేను ఆఫీసుకి వెళ్లింది మొదలు వచ్చేదాకా ఊళ పెడుతూనే ఉన్నాడట, పక్క ఫ్లాట్ ఆంటీ చెప్పారు.

తప్పు వాడిది కాదు. కొనేముందు నేను చూసింది వేలాడే చెవులు, పది కిలోల సైజు, పిల్లలతో బాగా కలుస్తుందన్న మాట. అవన్నీ నిజమే. ఆ జాతిని అసలెందుకు పెంచారో మాత్రం చూడలేదు. ఇంగ్లండ్‌లో కుందేళ్ల వేటకి తయారుచేసిన కుక్క ఇది. గుంపుగా వాసన పట్టుకుని పరిగెడుతుంటే వేటగాళ్లు వెనకాల కాలినడకన వచ్చేవాళ్లు. కుక్కలు ఎక్కడున్నాయో వాళ్లకి తెలియాలంటే గట్టిగా అరవాలి. అంటే ఆ ఊళ వాడి ఉద్యోగం! గుంపులో బతకాల్సిన జీవిని పది గంటలు ఒంటరిగా తాళం వేసి పోతే ఇంకేం చేస్తాడు?

ఆ ముక్కు సంగతి అమెరికాలో పిల్లలున్న పెద్దవాళ్లకి తెలిసే ఉంటుంది. అక్కడి ఎయిర్‌పోర్టుల్లో 1984 నుంచి బీగిళ్లు సామాన్లు వాసన చూస్తున్నాయి. చీరల మధ్య దాచిన మామిడిపండు, కరివేపాకు వాటి ముక్కు తప్పించుకోవడం కష్టం. అలాంటివాడు రోడ్డు పక్కన బిర్యానీ పొట్లం వాసన తగిలాక మన పిలుపు వింటాడా? గేటు దాటాక లీష్ వదలకండి, ఎంత ట్రైనింగ్ ఇచ్చినా సరే.

మేం మార్చుకున్నవి కొన్నే. వారంలో మూడు రోజులు ఇంటి నుంచే పని అడిగి తీసుకున్నా. మిగతా రోజులు మధ్యాహ్నం పై ఫ్లాట్ తాతగారి దగ్గర ఉంటాడు, ఆయనకీ కాలక్షేపం. పొద్దున్నే గంట నడక, అదీ వాడి ముక్కు స్పీడులో. ప్రతి స్తంభం దగ్గరా ఆగాల్సిందే. ఎండాకాలంలో తారురోడ్డు వేడెక్కకముందే వచ్చేస్తాం. గిన్నెలో పెట్టే తిండి కొంత పాత టవల్ మడతల్లో దాస్తున్నాం. వెతుక్కుని తిని, అలిసిపోయి పడుకుంటాడు.

కడుపు నిండిందన్న సంగతి బీగిల్‌కి తెలీదు. కొలిచే పెట్టాలి, లేకపోతే లావెక్కి కీళ్లు దెబ్బతింటాయి. నెయ్యి కలిపిన పప్పన్నం విషయంలో అమ్మతో యుద్ధం ఇంకా నడుస్తోంది. పాయసం గిన్నె మాత్రం అస్సలు నాకనివ్వకండి. కిస్‌మిస్ కుక్కల కిడ్నీలని పాడుచేస్తుంది. ఉల్లిపాయ, చాక్లెట్ కూడా విషమే. వేలాడే చెవుల్లోకి గాలి ఆడదు కాబట్టి వారానికోసారి ఎత్తి చూడాలి. దుర్వాసన వచ్చినా, తల అదేపనిగా విదిలిస్తున్నా డాక్టర్ దగ్గరికే. జుట్టు ఎంత దువ్వినా రాలుతుంది, నల్ల ప్యాంట్ల మీద ఆశ వదిలేశా.

మొన్న మా టీంలో ఒకడు "అపార్ట్‌మెంట్‌కి బీగిల్ బాగుంటుందా?" అని అడిగాడు. పొద్దున ఎన్నింటికి లేస్తావన్నా. తొమ్మిదింటికట. ఇంకా కొనలేదు.