కరువుకు ఓర్చే వరి – ఇరవై రోజుల ముచ్చట

వార్షికోత్సవానికి వచ్చే పూర్వ విద్యార్థులు మమ్మల్ని మొదట అడిగేది మెస్ గురించే. "ఇంకా ఆ దొడ్డన్నమేనా తమ్మీ?" అంటారు. కాదన్నా, 2015 జనవరి 1 నుంచి హాస్టళ్లకు సన్నబియ్యం వస్తున్నది. ఈసారి ఆ సన్నబియ్యం గురించే నాలుగు మాటలు రాయాలనుకున్నాం.

సన్నబియ్యం అనగానే మనకు గుర్తొచ్చేది సాంబమసూరి, అంటే బీపీటీ 5204. బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన రకం. దానినే మన నగరంలో, రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధన సంస్థలో జన్యుస్థాయిలో సవరించారు. 2025 మే 4న కేంద్ర వ్యవసాయ మంత్రి శివరాజ్‌సింగ్ చౌహాన్ ప్రకటించిన రెండు వరి రకాల్లో అదొకటి. పేరు డీఆర్ఆర్ ధాన్ 100, ముద్దుగా కమల. రెండోది పూసా డీఎస్టీ రైస్ 1. ఢిల్లీ శాస్త్రవేత్తలు తయారు చేసినా దాని తల్లి కూడా మన తెలుగు నేలదే: మార్టేరులో పుట్టిన ఎంటీయూ 1010, రైతులు కాటన్‌దొర సన్నాలు అని పిలిచే రకం.

జన్యువులంటే మనకు బీటీ పత్తి గుర్తొస్తుంది. ఆ చేన్లలో పత్తి ఏరిన తల్లుల బిడ్డలం మనలో చాలామందిమి. 2002లో అనుమతి పొందిన ఆ పత్తిలో మట్టిలోని బ్యాక్టీరియా జన్యువును తెచ్చి చేర్చారు. ఇక్కడ అట్లా కాదు. క్రిస్పర్ అనే పద్ధతిలో వరిలో ముందే ఉన్న జన్యువును ఒకచోట కత్తిరించారు. బయటి జన్యువు మొక్కలో మిగలదు. అందుకే 2022లో కేంద్రం ఇటువంటి వాటిని జీఎం పంటల కఠిన నిబంధనల నుంచి మినహాయించింది. పూసా రకంలో డీఎస్టీ అనే జన్యువును పనిచేయకుండా చేశారు. దాంతో ఆకుల మీది సన్నని రంధ్రాలు తగ్గి, నీరు తక్కువ ఆవిరవుతుంది.

వినడానికి బాగుంది. కానీ ఆ రోజు చెప్పిన అంకెలు చూడండి. 9.66 నుంచి 30.4 శాతం వరకు అధిక దిగుబడి అన్నది ఉప్పు నేలల్లో, చవుడు నేలల్లో. కరువు పేరులో ఉన్నది, అంకెలు ఉప్పువి! జన్యుమార్పిడిని వ్యతిరేకించే సంఘాలు 2025లోనే క్షేత్ర పరీక్షల లెక్కలపై అభ్యంతరం చెప్పాయి, ఐసీఏఆర్ వాటిని తోసిపుచ్చింది. ఎవరిది నిజమో మేము తేల్చలేము. అయితే ఏ ఊళ్లో, ఏ నేలలో, ఎన్ని తడులకు ఎంత పండిందో తెలుగులో అచ్చువేసి ఊరూరా పంచితే మా నాయనలే తేలుస్తారు.

మా అభిప్రాయంలో మన జిల్లాలకు అసలు సంగతి కమలలో ఉన్నది. అది సాంబమసూరి కన్నా సుమారు 20 రోజులు ముందు కోతకు వస్తుందని సంస్థ చెబుతున్నది. ఇరవై రోజులంటే ఏమిటో, సాగర్ రోడ్డు బస్సులో వచ్చి ఎల్బీనగర్‌లో దిగి ఈ హాస్టల్లో చేరిన దేవరకొండ వైపు పిల్లలను అడగండి. వరి పొట్ట మీద ఉండగా వాన మొఖం చాటేస్తుంది. కుంట అడుగంటుతుంది, బోరు ఆగి ఆగి పోస్తుంది. ఇంకో రెండు తడులుంటే చేతికొచ్చే పంటలో పశువులను తోలిన ఏడాది మాలో ఒకరింట్లో ఉన్నది. పొలం కౌలుది. పంట పోయినా కౌలు పోలేదు. ఆ ఏడు అతని ఇంటర్ పరీక్ష ఫీజు రూమ్మేట్లు తలా ఇంత వేసి కట్టారు.

కనుక ఈ విజ్ఞానాన్ని చూసి భయపడమని మేము అనం. విత్తనం ఎవరి చేతిలో ఉంటుందన్నదే మా పట్టుదల. ఇవి హైబ్రిడ్లు కావు, రైతు తన పంటలోంచే విత్తనం తీసి దాచుకోవచ్చు. 2001 నాటి చట్టం ఆ హక్కు ఇచ్చింది కూడా. కానీ క్రిస్పర్ పనిముట్టుపై కీలకమైన పేటెంట్లు విదేశీ సంస్థలవి. ఆ లైసెన్సు ఖర్చు చివరకు కౌలుదారు కొనే సంచి మీద పడకూడదు. ప్రభుత్వ సొమ్ముతో తయారైన విత్తనం ప్రభుత్వ ధరకే రావాలి.

ఇంకొక మాట. నీళ్లు లేని నేలకు జొన్న, సజ్జ, కొర్ర ఉండనే ఉన్నాయి. వాటి పరిశోధన సంస్థ కూడా రాజేంద్రనగర్‌లోనే ఉన్నది. వరికి కరువును ఓర్చుకోవడం నేర్పుతున్నారు గానీ, ఎప్పటినుంచో ఓర్చుకుంటున్న జొన్న మన కంచంలోంచి పోయింది. వారానికొకసారైనా జొన్నరొట్టె పెట్టమని మెస్‌లో అడిగాం. ఇంతమందికి రొట్టెలు కొట్టేదెవరన్నారు. అదీ నిజమే.

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ బోర్డులన్నీ గ్రూప్స్, బ్యాంకు, సాఫ్ట్‌వేర్ పేర్లే. మొక్కల జన్యుశాస్త్రం చదవమనే బోర్డు మాకు ఒక్కటీ కనబడలేదు. ఎల్బీనగర్‌లో ఆరాంఘర్ వైపు బస్సెక్కితే ఆ ప్రయోగశాలలు మనకు దూరమేమీ కావు. సెలవుల్లో అనుమతి అడిగి పదిమందిమి పోదామనుకుంటున్నాం. కమలను బోరు కింద ఎన్ని తడులతో పండించి చూశారు, విత్తనం సంచి ధర ఎవరు నిర్ణయిస్తారు, జొన్న మీద ఏం చేస్తున్నారు అన్న ప్రశ్నలు రాసి పెట్టుకున్నాం. వ్యవసాయ శాఖలో పనిచేస్తున్న పూర్వ విద్యార్థి అన్నలు ఎవరైనా వెంట వస్తే మాకు ధైర్యంగా ఉంటుంది.