బంతి దూరమునకు హద్దు

దిల్‌సుఖ్‌నగరులోగాని ఎల్.బి. నగరులోగాని గాల్ఫు మైదానము లేదు. అచ్చట గజము స్థలము వెల యెఱిగినవా రెవరును అట్టి యూహయైనను చేయరు. అట్టి పేటలవారి ముందు గాల్ఫు బంతి యెంత దూరము పోవలయునను ప్రసంగ మేల యని చదువరులు మమ్ము ప్రశ్నింపవచ్చును. ఆ యాటలో దెబ్బను కొలుచునది గజములతోనే. మన నగరమున ఇంటిస్థలము నమ్మునదియు గజములలోనే. మొదటి గజములు పెరిగినకొలది రెండవ గజములు తరుగుచున్నవి. మా ప్రసంగమునకు కారణ మిదియే.

2023 డిసెంబరులో గాల్ఫు నిబంధనలను నిర్ణయించు రెండు సంస్థలు, అనగా అమెరికా గాల్ఫు సంఘమును, స్కాట్లండునందలి సెయింట్ ఆండ్రూసున నెలకొన్న ఆర్ అండ్ ఏ సంస్థయును, బంతి పరీక్షను కఠినము చేయుచు ప్రకటన గావించినవి. అంతవఱకు కఱ్ఱ తల గంటకు 120 మైళ్ల వేగమున తాకినప్పుడు బంతి 317 గజములు, సడలింపుగా మఱి 3 గజములు, మించి పోరాదని నియమ ముండెను. కొత్త పరీక్షలో 125 మైళ్ల వేగమున తాకినను ఆ దూరమునే దాటరాదు. ఇందువలన మిక్కిలి బలముగా కొట్టువారికి 13 మొదలు 15 గజములు తగ్గుననియు, వేడుకకై యాడు సామాన్యులకు తగ్గునది 5 గజములకు మించదనియు ఆ సంస్థల యంచనా. ఆ యేటనే మార్చిలో, మేటి యాటగాండ్రకు మాత్రమే వర్తించు వేఱు బంతిని సూచించి, వ్యతిరేకత రాగా ఆ సూచనను విడిచి అందఱకు నొకే నియమమను మార్గమునకు వచ్చిరి. వాదము నేటికిని సద్దుమణగలేదు.

అందఱకు నొకే బంతి యనుట మాకు సమ్మతము. గొప్పవాడు కొట్టిన బంతినే తానును కొట్టుచున్నానను తృప్తి యాటలో సామాన్యునకు మిగిలిన భాగ్యము. దానిని తీసివేయుట తగదు. అయితే బంతులు చేయు వర్తకులు, ఇది పరిశోధనకు విధించిన శిక్ష యని మొఱపెట్టుచున్నారు. ఈ మొఱలో పస తక్కువ. బంతి బరువు 1.62 ఔన్సులకు మించరాదనియు, అడ్డుకొలత 1.68 అంగుళములకు తగ్గరాదనియు నియమము లెన్నడో కలవు. దూరమునకు హద్దు 1976 నుండియే యున్నది. బ్రిటనులో వాడుకలో నుండిన చిన్నబంతి గాలికి ఎదురుగ మఱింత దూరము పోయెడిది. 1974లో దానిని ఓపెన్ పోటీనుండి తొలగించిరి. 1990లో అది సర్వత్ర నిషిద్ధమైనది. ఆట చెడలేదు, వర్తకులును చెడలేదు.

అసలు మాట భూమిని గూర్చినది. అమెరికాలోని అగస్టా మైదానము 1990లలో 7,000 గజములకు లోపుగ నుండెను. 2024 నాటికి 7,555 గజము లైనది. అచ్చటి పదుమూడవ గుంతకు పోవు దారిని పొడిగించుటకై 2017లో పొరుగు క్లబ్బువారి భూమిని కొని, 2023లో కొట్టు చోటును 35 గజములు వెనుకకు జరిపిరి. బంతి యెక్కువ దూరము పోవుచున్నదని గట్టు జరుపుకొను ఈ వ్యవసాయము మన రైతులకు తెలియనిది కాదు. కాని అగస్టావారు సొమ్మిచ్చి కొనగలిగిరి. మన గోలకొండ నయాఖిలాలోని మైదానమువా రేమి చేయుదురు? ఆ మైదానము కోటగోడల నడుమ, ప్రాచీనమైన మసీదుల చెంత, హతియాన్ ఝాడ్ అను మహావృక్షపు దాపున నున్నది. అచ్చట గోడ జరుపుట యెవరి తరము? మణికొండలో గాల్ఫు నిమిత్తమే సుమారు 235 ఎకరముల ప్రభుత్వ భూమి కౌలునకు పోయినది. ఆ పథకపు వ్యవహార మంతయు 2011లో సి.బి.ఐ. విచారణకు వచ్చిన సంగతి చదువరులు మఱచియుండరు. పచ్చిక పెరిగినచో నీరును పెరుగవలయును. నాగార్జునసాగరు జలాశయమునుండి నూఱు కిలోమీటర్లకు మించిన గొట్టములలో కృష్ణ నీటిని తెచ్చుకొను నగరము మనది. శుద్ధిచేసిన మురుగునీటితో పచ్చికను పెంచవచ్చునందురు. పెంచవచ్చును, కాని ఆ నీటికి వేఱు పని లేదా?

దిల్‌సుఖ్‌నగరు సందులలోని బాలురు ఈ సమస్యను ఏ ప్రయోగశాలయు లేకుండగనే పరిష్కరించుకొన్నారు. బంతి నేల తాకక ఎవరి యింటి యావరణలోనైన పడినచో కొట్టినవాడు ఔటు. ఇది సందు శాసనము. స్థలము కొద్దియైనప్పుడు బలమునకు శిక్ష వేసి నేర్పునకు బహుమాన మిచ్చుట న్యాయమని వారికి తోచినది. అందుచేత బంతిని నేలబారుగ, నిలిపియున్న బండ్ల నడుమగ త్రోయుట వారికి అలవడినది. కిటికీ యద్దములు పగిలిన గృహస్థులు ఈ శాసనము ఎల్లప్పుడు అమలు కాదని చెప్పుదురు. వారిలో మేమును ఒకరము.

క్రికెట్టును హద్దులతోనే పెరిగినది. 1771లో నొక యాటగాడు వికెట్టంత వెడల్పైన బ్యాటుతో రాగా, బ్యాటు వెడల్పును నాలుగుంబావు అంగుళములకు కట్టడి చేసిరి. 1979లో డెన్నిస్ లిల్లీ అల్యూమినియం బ్యాటుతో దిగిన పిమ్మట, బ్యాటు ఫలకము కొయ్యదే కావలయునని శాసించిరి. 2017 అక్టోబరునుండి బ్యాటు అంచు 40 మిల్లీమీటర్లకును, మందము 67 మిల్లీమీటర్లకును మించరాదు. ఇంత చేసినను ఫలిత మేమి? ఎల్.బి. నగరునుండి నాగోలు మీదుగ కొలది దూరములోనే యున్న ఉప్పల్ స్టేడియమున, 2024 మార్చి 27వ తేదీన హైదరాబాదు జట్టు 277 పరుగులు చేయగా ముంబయి జట్టు 246 చేసినది. ఒక్క రాత్రిలో 38 సిక్సర్లు! చూడవచ్చినవారి యానందమును మేము తప్పుపట్టము. కాని మన తెలుగు కుటుంబమువాడైన సి.కె. నాయుడు 1926లో బొంబాయిలో ఇంగ్లీషు జట్టుపై 153 పరుగులు చేయుచు కొట్టిన 11 సిక్సర్లను నూఱేండ్లుగ లోకము చెప్పుకొనుచున్నది. ఉప్పల్‌నాటి 38లో ఎన్నింటిని ఎవరు చెప్పగలరు?

కావున కొలబద్ద యొక్కటే చాలదని మే మొప్పుకొందుము. బ్యాటునకు హద్దు పెట్టి, 90 గజములవఱకు వేయదగిన బౌండరీ త్రాటిని 65 గజములకు లోనికి లాగుకొన్నచో ఆ హద్దు వ్యర్థము. క్రికెట్టు నిర్వాహకులు త్రాటిని గూర్చియు ఆలోచింపవలయును. గాల్ఫులో నీ చిక్కు లేదు. అచ్చట బంతిని తగ్గించినచో భూమి వెంటనే మిగులును, కనీసము పెరుగకుండ నిలుచును. 13 గజములు అల్పమే. నిజమునకు, ఇంకను తగ్గింపవలసినదని మా యభిప్రాయము.

సరూర్‌నగరు, ఎల్.బి. నగరు ప్రాంతములలో బాలురకు మిగిలిన మైదానములు వ్రేళ్లపై లెక్కింపదగినవి. ఇకమీద మన రాష్ట్రమున గాల్ఫునకు భూమి నడుగువారు వచ్చినప్పుడు, నేటి బంతికి సరిపడ నడుగుచున్నారో, తగ్గిన బంతికి సరిపడ నడుగుచున్నారో ప్రభుత్వమువారు ముందుగ విచారింపవలయును. తేడా వచ్చిన యెకరములను ఈ పేటలలోని పిల్లల పేరు వ్రాయుడని మేము కోరుచున్నాము.